ఉక్కునగరానికి పిట్ట బెల్లు

తొంభైల్లో ఇంజనీరింగ్ చదివే మా బావమరిది, నొక్కితే పిట్టలా కూసే కాలింగ్ బెల్లు తయారుచేశాడు. మా వీధిలో నాలుగిళ్లవాళ్లు కొనగానే వాడి కన్ను కొత్త మార్కెట్ మీద పడింది.

"ఉక్కునగరంలో అన్నీ ఒకలాటి క్వార్టర్లే బావ. ఇంటికొకటి ఏసుకో. లెక్క నువ్వే సెప్పు."

లెక్కలు నేను బడిలో కాక సొంతంగా నేర్చుకున్నవి. గుణిస్తే మొత్తం బ్రహ్మాండంగానే వచ్చింది. పెట్టుబడి మాత్రం వాడి జేబులో ఉన్న ఆఖరి సంవత్సరం ఫీజు. ముందు ఒక్క సెక్టారులో తిరిగి చూద్దామన్నాను.

మర్నాడు పొద్దున్న మొదటి గుమ్మం ముందు, వాడి చేతిలోని బ్యాటరీ బెల్లు కూసింది. ఒకావిడ పరుగున వచ్చి నోటిమీద వేలుంచుకుంది.

"నైట్ షిఫ్టు సేసొచ్చి మాయన ఇప్పుడే తొంగున్నారు బాబూ. మా బెల్లుకి వైరు పీకేసి రెండేళ్లయింది. ఈ వరసలో ఎవులింట్లోనూ పగలు బెల్లు మోగదు."

నిజమే, ప్రతి గుమ్మం పక్కనా తెగిన వైర్లు వేలాడుతున్నాయి. తిరుగు బస్సులో వాడు దిగులుపడ్డాడనుకుని ఓదార్చబోయాను.

"మోగని బెల్లు సేత్తే ఎలాగుంటాది బావ? నొక్కితే లోపల బల్బు ఎలుగుతాది. పోటీయే నేదు."

వాడితో పాటు కాలేజీ దగ్గర దిగి, ఫీజు కట్టించాకే ఇంటికి వెళ్లాను.