మీ చెట్టు పేరు మీకు తెలుసా?

హిల్డాకి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఎవరింటి ముందైనా పూసిన చెర్రీ చెట్టు కనిపిస్తే, దాని పేరు ఆ ఇంటివాళ్ళకి చెప్పనిదే ఆవిడకి అడుగు ముందుకి పడదు. కెనడాలో వాళ్ళుండే బర్నబీలో ఏప్రిల్ వస్తే చెర్రీ పూయని వీధి లేదు. అందుచేత ఏప్రిల్లో హిల్డా ఎక్కడికి బయల్దేరినా అక్కడికి చేరదు. ఒకసారి పన్ను పీకించుకోవడానికి పొద్దున్నే బయల్దేరి, డాక్టరు ఇంటికెళ్ళిపోయాక చేరి, క్లినిక్ ముందున్న చెట్టు పేరు గదులు తుడిచే ఆవిడకి చెప్పి, పన్నుతో సహా తిరిగొచ్చింది.

టకటకా తలుపు కొడుతుంది. లోపల్నించి ఎవరో ఒంటి నిండా సబ్బు నురగతో, తువ్వాలు చుట్టుకుని పరుగెత్తుకొస్తారు.

"మీ చెట్టు పేరు మీకు తెలుసా?"

"చెర్రీ కదండీ?"

"మిమ్మల్ని ఎవరైనా 'ఓ మనిషీ' అని పిలిస్తే పలుకుతారా?"

చెర్రీల్లో రకానికో జపాను పేరు. ఆ పేర్లన్నీ ఇంతగా గుర్తుండే మనిషికి మనుషుల పేర్లు మాత్రం నిలవవు. అందుకని ఎవరి వాకిట్లో ఏ చెట్టుంటే వాళ్ళకి ఆ పేరే. కూరగాయల కొట్లో ఇటు చివర్నించి అటు చివరికి కేకేస్తుంది: "ఏమయ్యా కన్‌జాన్, మోకాలి నొప్పి తగ్గిందా?" ఒక పెద్దాయన పోతే చర్చిలో లేచి, "మన అకెబోనో పోయాడు. గాలికి రేకులన్నీ ఒక్కసారే రాలినట్టు పోయాడు" అని ముక్కు చీదుకుంది. వెనక బెంచీలవాళ్ళు తప్పు అంత్యక్రియలకి వచ్చామేమోనని గుమ్మం బయట బోర్డు చూసొచ్చారు.

పేరు దగ్గర ఆవిడకి మొహమాటం లేదు. వార్డెల్ అనే ఆయన ఏటా తన చెట్టు కింద ఊరి పెద్దలకి చెర్రీ పూల టీ ఇచ్చేవాడు. హిల్డా ఒక రేకు తీసి వెలుతురుకి పట్టింది.

"రేకు కొసన చిన్న నొక్కు ఉంటే చెర్రీ. ఇది గుండ్రంగా, నున్నగా ఉంది. ఇది ప్లమ్."

కప్పులన్నీ మూతుల దగ్గరే ఆగిపోయాయి. ఆ టీ పార్టీ అదే ఆఖరు. ఆయన పేరు మాత్రం ఆనాటినుంచీ "ప్లమ్ గారు".

ఈవిడ వెనకాల మడత స్టూలు మోసుకుంటూ నడిచే భక్తుడు క్లైవ్. ఓడల్లో రేడియో ఆపరేటరుగా పనిచేసి, కాళ్ళు నిలవక సగం ప్రపంచం తిరిగి, మిగతా సగం పుస్తకాల్లో చూసినవాడు. ధ్రువ నక్షత్రాన్ని పట్టుకుని దిక్కు చెప్పగలడు గానీ, సూపర్ మార్కెట్ ముందు తన కారెక్కడ పెట్టాడో చెప్పలేడు. ఈ సంగతి అందరికంటే ముందు తనే చెప్పి, తనే నవ్వేవాడు. అతని భార్య డోరీన్ వాకిట్లో గొడుగులా పరుచుకున్న షిరోతాయే ఉండేది. ముద్ద ముద్ద తెల్ల పూలు, పక్కనించి వెళ్తే చాలు సన్నటి వాసన. డోరీన్ తల్లి పెళ్ళికి ఇచ్చిన మొక్క అది. కాబట్టి హిల్డా లెక్కలో డోరీన్ "షిరోతాయే", క్లైవ్ "షిరోతాయే మొగుడు".

ఒక అక్టోబరులో డోరీన్ కాల్గరీలో చెల్లెలింటికి వెళ్ళింది. క్లైవ్ కొమ్మల కత్తిరింపు మీద ఒక పుస్తకం తెచ్చి, మొదటి అధ్యాయం చదివి రంపం పట్టుకున్నాడు. మొదటి అధ్యాయంతో రంపం పట్టుకోవద్దని రెండో అధ్యాయంలో ఉంది. చెట్టు మీద రెండు రకాల కొమ్మలు కనిపించాయి: నేలకి సమంగా బద్ధకంగా పడుకున్న ముసలివి కొన్ని, మొదట్లోంచి సిపాయిల్లా నిటారుగా లేచినవి కొన్ని. బద్ధకస్తులంటే అతనికి పడదు, తను తప్ప. ముసలివన్నీ కోసేశాడు. డోరీన్ వచ్చేసరికి గడ్డం నిండా రంపపు పొట్టుతో తలుపు తీసి, "గాలివాన" అన్నాడు.

మార్చిలో ఎవరి పెరట్లోనో అలాంటి సిపాయి కొమ్మల్ని చూపించి హిల్డా పళ్ళు కొరికింది. "ఇది అంటుచెట్టు. కింద మొదలు అడవి చెర్రీది, పైన కట్టింది మంచి రకం. ఏ అడ్డగాడిదో మంచిదంతా నరికి అడవిదాన్ని మిగిల్చాడు!"

స్టూలు మోస్తున్న అడ్డగాడిదకి చెమటలు పట్టాయి.

ఆనాటినుంచీ క్లైవ్ తన వీధికి హిల్డాని రానివ్వకుండా నానా పాట్లూ పడ్డాడు. అక్కడ రోడ్డు తవ్వుతున్నారన్నాడు. ఎలుగుబంటి తిరుగుతోందన్నాడు. ఏప్రిల్ రానే వచ్చింది. చెట్టు నిండా చిన్న చిన్న ఒంటిరెక్క పూలు. వాసన లేదు. డోరీన్ కిటికీ దగ్గర చాలాసేపు నిలబడింది.

"క్లైవ్, ఇది అమ్మ చెట్టులా లేదు. హిల్డాని పిలుస్తున్నా."

"ఆవిడకి జలుబు."

"పూలు చూడ్డానికి ముక్కెందుకు?"

హిల్డా వచ్చింది. ఒక రేకు తీసింది. బెరడు తడిమింది. గాలివాన నున్నగా కోసిన కోతల మీద వేలు పెట్టి, ఒక్కొక్కటే నిమిరింది. తర్వాత క్లైవ్ వంక చూసింది. క్లైవ్‌కి తన అంత్యక్రియల్లో ఆవిడ ఏ చెట్టు పేరుతో మాట్లాడుతుందో కళ్ళకి కట్టింది.

"ఏమైంది నా షిరోతాయేకి?" అంది డోరీన్. "పేరేంటి దీనికి?"

హిల్డా రేకుని జేబులో వేసుకుంది.

"తెలీదు" అంది.

హిల్డాకి తెలీని చెట్టు! మధ్యాహ్నానికల్లా ఊరంతా తెలిసిపోయింది. కొట్లో ప్లమ్ గారు అరటిపండు ఎత్తి పట్టుకుని, "మేడమ్, దీని పేరైనా తెలుసా?" అని అడిగితే జనం పడీ పడీ నవ్వారు. హిల్డా తలొంచుకుని ఉల్లిపాయలు ఏరుకుంది.

బయటికి రాగానే క్లైవ్ ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. "చెప్పేస్తాను. నా వల్ల నీకీ తలవంపులేంటి?"

"నోరు మూసుకో. రంపం ఎక్కడుంది?"

"గరాజ్‌లో."

"అది నాకిచ్చెయ్. ఇక విను. లోకంలో ఉన్న షిరోతాయేలన్నీ ఒక్క చెట్టే. దీని కన్ను, అంటే కొమ్మ మీది చిగురు మొగ్గ, తీసి దానికి కడితే అదీ ఇదే. నువ్వు కోసింది ఆ చెట్టు చెయ్యి ఒకటి. మిగతా ఒళ్ళంతా ఊళ్ళోనే ఉంది. ఎవరెవరి వాకిట్లో ఉందో నాకు తెలుసు."

"నీకెలా తెలుసు?"

"ఇన్నేళ్ళూ తలుపులు కొట్టింది ఎందుకనుకున్నావురా, వెధవా!"

ఆగస్టులో డోరీన్ ఈతకి వెళ్ళిన పూటల్లో హిల్డా ఏ వాకిట్లోంచో అడిగి తెచ్చిన కొమ్మలతో వచ్చేది. స్టూలెక్కి, సిపాయిల బెరడు చీల్చి, కన్నులు దోపి, టేపు చుట్టేది. క్లైవ్ పని స్టూలు పట్టుకోవడం, నోరు తెరవకపోవడం. "టేపేంటి?" అని డోరీన్ అడిగితే "పురుగు పట్టకుండా" అనేవాడు. బతికిన కన్నులు కొమ్మలయ్యేకొద్దీ హిల్డా వచ్చి సిపాయిల్ని ఒక్కొక్కణ్ణే ఉద్యోగంలోంచి తీసేసింది. ఆ రెండేళ్ళూ ఆవిడ క్లైవ్‌ని పిలిచిన పేరు ఒక్కటే: "రంపం". ఆ పేరేంటని ఎవరైనా అడిగితే క్లైవ్ దగ్గి, వాతావరణం సంగతి ఎత్తుకునేవాడు.

మూడో ఏప్రిల్లో ఒక పొద్దున తలుపు టకటకా మోగింది. డోరీన్ తీసింది. గుమ్మంలో హిల్డా, చేతిలో ముద్దగా తెల్లటి పూలగుత్తి. దాని వాసన ఆవిడకంటే ముందే లోపలికొచ్చేసింది.

"మీ చెట్టు పేరు మీకు తెలుసా?"

"తెలుసు" అంది డోరీన్, గుత్తి అందుకుని. "తెలిసీ తెలీదన్న మనిషి పేరూ తెలుసు. లోపలికి రా హిల్డా." ఆ తర్వాత వంటింటి వైపు తిరిగి కేకేసింది:

"రంపం గారూ! టీ పెట్టండి. గాలివానలేమీ తేకుండా."