తల లేని స్టడ్డుకు బొట్టు ఎక్కడ పెట్టాలి

కారు చక్రాన్ని నట్టుతో బిగించాలా, బోల్టుతో బిగించాలా అన్నదాని గురించి నేను ఆలోచించినంత, నా పెళ్లి గురించి కూడా ఆలోచించలేదు. పెళ్లికి పెద్దవాళ్లున్నారు. చక్రానికి నేనొక్కదాన్నే.

కోరుట్లలో నాకు చిన్న మ్యాచింగ్ సెంటర్ ఉంది. వారమంతా జాకెట్టు ముక్కలు, ఫాల్స్. ఆదివారం మాత్రం కారేసుకుని సిరిసిల్ల దగ్గరి ఒక వెంచర్‌కు పోతాను. ప్లాట్లు కొట్టి, తారు రోడ్లు వేశారు కానీ ఇళ్లు మాత్రం మొలవలేదు. ఓనరు ఒప్పుకోవడంతో నాలాంటి పిచ్చివాళ్లం కొందరం అక్కడ ప్లాస్టిక్ కోన్లు పెట్టుకుని, వంతులవారీగా వాటి మధ్య కారును ఎంత వేగంగా తిప్పగలమో చూసుకుంటాం. రోడ్డు టైర్ల మీద పోవడం, అక్కడ మెత్తటి టైర్లున్న చక్రాలు ఎక్కించుకోవడం, సాయంత్రం మళ్లీ మార్చుకోవడం. నా నడుము పడిపోయింది అక్కడే.

ఎందుకంటే మాది బోల్టుల కారు. చాలా కార్లకు, చక్రం కూర్చునే హబ్బు నుంచి స్టడ్డులు, అంటే తల లేని మరల కడ్డీలు, బయటికి పొడుచుకుని ఉంటాయి. చొక్కాను కొక్కేనికి తగిలించినట్టు చక్రాన్ని వాటికి తగిలించి, పైన నట్లు బిగిస్తే పని అయిపోతుంది. మా కారుకు ఉన్నవి వట్టి బొక్కలు. చక్రాన్ని ఒళ్లోకి ఎత్తుకుని, బొక్కకు బొక్క కలిపి, అది జారేలోపు బోల్టు తిప్పాలి. అంత బరువున్న బిడ్డను నేను ఎప్పుడూ ఎత్తుకోలేదు.

స్టడ్డులు వేయించుకుంటానని జగిత్యాలలో మా కారు చూసే మెకానిక్ భాయ్‌తో అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. బోల్టు ఒకటే ముక్క, స్టడ్డు పెడితే అటు హబ్బులో ఒకసారి, ఇటు నట్టులో ఒకసారి వదులయ్యే యోగం ఉంటుందని ఆయన వాదన. మాటిమాటికీ బోల్టులు విప్పి బిగిస్తే హబ్బులోని మరలే అరిగిపోతాయని, స్టడ్డు అరిగితే పారేసి ఇంకోటి వేసుకోవచ్చని నా వాదన. అసలు వాదన నడుముది, అది మాత్రం చెప్పలేదు. చివరికి పాత బోల్టులు డిక్కీలోనే ఉంచాలనే షరతు మీద వేశాడు. మాటలో మాటగా, తానూ ఆదివారం వచ్చి చూస్తానన్నాడు.

ఆ ఆదివారం మామూలుది కాదు. దుబాయిలో ఉన్న మా ఆయన కారు అమ్మేద్దామంటున్నాడు. మల్యాలలో ఒకాయన కొంటానన్నాడట. బండి మా అత్త పేరు మీద ఉంది. ఆమె అవుననీ కాదనీ అనలేదు, ఆ ఆదివారం నాతో వచ్చి ఒకసారి చూసి చెబుతానంది. ఆ కారు పోతే నాకు ఆదివారాలే ఉండవు. ఆ మాట ఎవరితో అన్నా నవ్వుతారని లోపలే కుమిలాను.

అత్త సిరిసిల్ల ఆడపడుచు. పుట్టింటి ఊరికి పోతున్నానన్న సంబరంతో పులిహోర గిన్నె, ఒక సంచి తెచ్చుకుంది. నేను కారును స్టాండ్ల మీద నిలబెట్టి, ముందు చక్రాలు విప్పి, నియమాలు చెబుతున్నారంటే అటు వెళ్లాను. తిరిగొచ్చేసరికి స్టడ్డులన్నీ పచ్చగా మెరుస్తున్నాయి.

"కొత్త సామాను పెట్టినప్పుడు పసుపు రాయద్దా? బోల్టుకైతే తల ఉంటది, తలకు బొట్టు వెడుదు. గీటికి తల లేకపాయె. గందుకే ఒళ్లంత రాసిన," అంది అత్త.

వంతు దగ్గర పడుతోంది. గబగబా గుడ్డతో తుడిచి, చక్రం తగిలించి, నట్టు తిప్పాను. నాలుగు చుట్లు తిరిగి ఆగిపోయింది. ఎంత తోసినా ముందుకు పోదు. భాయ్ వచ్చి వెనక్కి తిప్పాడు. నట్టు ఊడలేదు. నట్టుతో సహా స్టడ్డే హబ్బులోంచి ఊడి వచ్చింది. చూస్తే దాని నడుముకు సన్నటి పసుపు దారం, పసుపులో కలిసిపోయి నాకు కనపడకుండా మరల్లోకి దిగి కూర్చుంది. అత్త ఒక్కోదానికి కంకణం కూడా కట్టింది! సిరిసిల్ల నూలు గట్ల తెగదని ఆమెకు గర్వం కూడా.

భాయ్ ఆ స్టడ్డును ఎత్తి పట్టుకుని తనివితీరా చూశాడు. "అక్కా, నట్టు పట్టేసిన స్టడ్డంటే ఏంది? బోల్టే గదా. మీ అత్త నా దిక్కే ఉన్నది."

నాకు నవ్వు రాలేదు. కోపంతో కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈమె కావాలనే చేసిందేమో, అమ్మడానికే వచ్చిందేమో అని కూడా అనుకున్నాను. భాయ్ మిగతా స్టడ్డులూ ఊడబెరికి, డిక్కీలోంచి పాత బోల్టులు తీశాడు. చక్రాన్ని ఎవరో ఒకరు మోయాలి. నేను వంగేలోపే అత్త కొంగు బొడ్లో దోపుకుని, నేల మీద కూర్చుని, చక్రాన్ని మోకాళ్ల మీదికి ఎత్తుకుంది. బొక్కకు బొక్క ఆమే కలిపింది. నేను బోల్టులు తిప్పాను. భాయ్ రెంచితో సరిచూసి, పొమ్మన్నాడు. పోయేముందు అత్త ఒక్కో బోల్టు తల మీద బొట్టు పెట్టింది. ఈసారి నేను తుడవలేదు.

ఎంత వేగంగా తిప్పానో నాకు గుర్తులేదు. ఒక కోను మాత్రం బంపర్ కింద ఇరుక్కుని నాతోపాటే వచ్చింది. దిగేసరికి అత్త ఫోన్లో మా ఆయనతో మాట్లాడుతోంది. మల్యాల ఆయన తొందరపడుతున్నాడట.

"కంకణం గట్టినంక ఎట్ల అమ్ముతర్రా?" అంటోంది అత్త. మరి ఆ కొనేవాడికి ఏం చెప్పాలని మా ఆయన అడిగినట్టున్నాడు. ఆమె బంపర్ కింది కోనును పీకుతూ, తాపీగా జవాబిచ్చింది.

"పిల్లకు లగ్గమైందని చెప్పు."