అబ్బాయిరాజుగారు కొట్టిన సున్నం

గణపవరం అబ్బాయిరాజుగారిది నలభై ఏళ్ళుగా చేపల చెరువులు చేసిన చెయ్యి. నీళ్ళు నల్లబడితే సున్నం, చేప నీరసిస్తే సున్నం. అల్లుడు అలిగినా ఈయన సున్నం బస్తాకోసమే చూస్తారని భార్య రామలక్ష్మిగారి వేళాకోళం.

నేను వట్లూరులో కెమిస్ట్రీ చెబుతాను. కొల్లేటి అడుగుమట్టిలో డయాటమ్‌లని, కంటికానని నాచు ఉంటుంది. దాని పెంకులు అచ్చం గాజు. వానలు దండిగా పడిన కాలపు పెంకుల్లో తేలిక ఆక్సిజన్ ఎక్కువ, నీళ్ళు ఆవిరైన కరువు కాలపు పెంకుల్లో బరువు ఆక్సిజన్ ఎక్కువ. పొరలు కదలని మట్టి దొరికితే వందల ఏళ్ళ వానల సంగతి తేలుతుంది. కానీ కొల్లేరంతా చెరువులు తవ్వేశారాయె! మూడేళ్ళు తిరగ్గా రాజుగారి మడుగొక్కటే దొరికింది. దాన్నీ చేపల చెరువు చెయ్యడానికి మర్నాడే ప్రొక్లెయిన్ యంత్రం తవ్వబోతోంది.

నేనూ నా శిష్యురాలు హర్షిణీ పరుగున వెళ్ళి, మడుగు అడుక్కి గొట్టం దించి మట్టి పైకి తీశాం. మట్టిని నిలువునా చీల్చి అరుగుమీద పరిచి, రామలక్ష్మిగారు పిలిస్తే భోజనానికి లేచాం. తిరిగొచ్చేసరికి మట్టి తెల్లగా ఉంది.

“ఏవండీ, ఏం చేశారు?”

“ఆయ్, కుళ్ళువాసనేస్తోందండి. సున్నం కొట్టానండి,” అన్నారు గర్వంగా.

మూడేళ్ళ పని గంగపాలు! పెద్దాయనని కూడా చూడకుండా నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన తలొంచుకుని నిలబడ్డారు.

మర్నాడు ల్యాబ్‌లో హర్షిణి భయంభయంగా, “మేడం, యాసిడ్ పోస్తే సున్నం పోతుంది కదండీ? గాజుకేం కాదు కదా?” అంది.

నా మొహం మండ! ఏ మట్టినైనా మేం ముందు యాసిడ్‌తోనే కడుగుతాం. కోపంలో కెమిస్ట్రీ మేడం కెమిస్ట్రీ మరిచిపోయింది.

పోశాం. బుస్సుమని నురగ గ్లాసు దాటి పొంగింది. కడిగి మైక్రోస్కోపు కింద పెడితే పెంకులు చెక్కు చెదరలేదు! యాభై రెండేళ్ళ నేను హర్షిణి చేతులు పట్టుకుని ఒప్పులకుప్ప తిరిగాను. కళ్ళు తిరిగి కుర్చీలో పడి, నవ్వాపుకోలేక రాజుగారికి ఫోన్ చేశాను.

“మట్టి బాగుందండీ! నన్ను క్షమించండి!”



“అయ్యో, ముందే చెప్పొద్దా అండీ? మీకు మళ్ళీ మట్టి కావాలి కదాని పొద్దున్నే ప్రొక్లెయిన్ని వెనక్కి పంపేశానండి. ఈ ఏడాదికి ఇంక రాదట, ఆ చెరువు లేనట్టేనండి.”

నా నవ్వు ఆగిపోయింది.

“పోన్లెండి మేడంగారూ,” అన్నారాయన. “వచ్చి ఇంకో గొట్టం దించుకోండి. నన్ను మాత్రం దగ్గరికి రానివ్వకండి.”