దేనికని అడిగే ఎలిశబెతు

మైపాడు దగ్గర ఒక చర్చి వాకిలి ఊడ్చే ఎలిశబెతుకు, ఎవరు గొడవపడినా చీపురు చంకలో పెట్టుకుని మధ్యకొచ్చి నిలబడటం అలవాటు. తీర్పు చెప్పదు. ‘దేనికి?’ అని మాత్రం అడుగుతుంది. అసలు మాట బయటికొచ్చేదాకా కొంగుతో మెడ తుడుచుకుంటూ అక్కడి నుంచి కదలదు. మొన్న హజరత్తయ్య చర్చి సిమెంటు వాకిలంతా తడిసిన వడ్లు ఆరబోసి, ఇంకా విప్పని వడ్ల బస్తాలను వరండా నిండా పేర్చాడు. చేపలు పట్టే బెన్హరు వల భుజానేసుకొచ్చి సగం వాకిలి వదలమన్నాడు. గింజ కూడా కదిలించనన్నాడు హజరత్తయ్య.

“నీకు వాకిలి దేనికి అబ్బయా?” అంది ఎలిశబెతు.

“వల చినిగిందక్కా, తెల్లారి వేటకు పోవాల. ఇసకలో పరిస్తే ముళ్లు పట్టుకుంటాయి.”

“ఎండలోనే కుట్టాల్నా?”

“నీడైతే ఇంకా మేలు.”

ఆమె హజరత్తయ్య వైపు తిరిగింది. “సగమిస్తే నీకేమన్నా నష్టమా?”

“మందంగా పోస్తే ఆరక మొలకలొస్తాయి. పైగా వడ్లకు ఎగబడే ఈ మేకలు! ఇంటికి పోయి అన్నం తినొచ్చేదానికి కూడా లేదు.”

కాసేపటికి బస్తాలు గోడవారకు చేరాయి. బెన్హరు వరండా నీడలో వల కుట్టుకుంటూ మేకల్ని అదిలించాడు. హజరత్తయ్య అన్నానికి పోయాడు.

సాయంత్రం ఎలిశబెతు ఇంటికొచ్చేసరికి కోడలు అబిగయీలు పుట్టింటికని బట్టలు సర్దుకుంటోంది.

“ఇప్పుడు పోవద్దు,” అంది ఎలిశబెతు.

“దేనికత్తా?”

ఎలిశబెతు ఊడ్చిన గచ్చునే మళ్లీ ఊడ్చింది. కోడలు కదల్లేదు.

“ఒక్కదాన్నే కూర్చుంటే ముద్ద దిగదమ్మా,” అంది చివరికి.