దూడల అర లోపలి గోడ

జూబ్లీ హిల్స్‌లో ఒక నిర్మాత ఇంట రెండు లేగదూడలు చనిపోయాయి. అందుకు శిక్షగా వెంకటనర్సయ్య అనే సెట్ వడ్రంగికి ఫిల్మ్ నగర్‌లో ఎక్కడా పని దొరకకుండా చేశారు. ఆదేశం కాగితం మీద లేదు. విచారణ జరగలేదు. ఆయన చెప్పుకొనేది ఏమిటని అడిగిన వారు లేరు. నిర్మాత గారి మేనేజరు క్రాంతికుమార్ తనకు తెలిసిన మేస్త్రీలందరికీ ఫోన్లు చేశారు. మరునాటి ఉదయం నుంచి కృష్ణానగర్ కూడలిలో ఆగే ప్రొడక్షన్ వ్యానులో వెంకటనర్సయ్య పేరు పిలవడం ఆగిపోయింది.

ఆ మరణాల్లో ఆయన వాటా ఎంతో తేల్చడం కష్టమైన పనేమీ కాదు. తేల్చడానికి ఎవరూ పూనుకోలేదు.

వెంకటనర్సయ్య సిద్దిపేట వైపు నుంచి పడుచు వయసులో నగరానికి వచ్చారు. ఇప్పుడు యాభై దాటాయి. యూసుఫ్‌గూడలో ఇరుకైన కిరాయి ఇంట్లో భార్య భూలక్ష్మితో ఉంటారు. ఆమె షూటింగులకు భోజనాలు పంపే మెస్సులో కూరగాయలు తరుగుతుంది. ఆయన ఇన్నేళ్ళలో రాజమహళ్ళు కట్టారు, రైల్వే స్టేషన్లు కట్టారు, జైళ్ళు కట్టారు. కోర్టు హాళ్ళయితే లెక్కే లేదు. ఆయన కట్టిన కోర్టులన్నింటిలోనూ నిర్దోషి విడుదలయ్యాడు.

సెట్ గోడకు ఒకటే ముఖం. కెమెరా చూసే వైపు ప్లైవుడ్ మీద పుట్టీ, రంగు, నగిషీ ఉంటాయి. వెనక వైపు పచ్చి చెక్క, ఊతకర్రలు, మొనలు బయటపడిన మేకులు. వెనక వైపు నునుపు చేయబోయే కొత్త పనివాణ్ణి మేస్త్రి తిడతాడు: "గాడ ఎవడు సూస్తడురా?" వెంకటనర్సయ్య ముందు ఆ తిట్లు తిన్నారు, తరవాత తానే తిట్టారు. ఆ గోడ గుమ్మడికాయ కొట్టేదాకా, అంటే షూటింగు ముగిసేదాకా, నిలబడితే చాలు. దాని తరవాతి బతుకు గురించి ఆలోచించమని ఆయనను ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

అచ్యుతరామయ్య గారు కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన పేరున్న నిర్మాత. ఇంటి వెనక, కొండ వాలులో, కిందటేడు రేకుల కొట్టం వేయించి పుంగనూరు ఆవులను తెచ్చుకున్నారు. వాటిలో రెండు చూడితో ఉన్నాయి. పుట్టబోయే దూడలకు, గాలి కొట్టకుండా, ఒకదాని మూతి ఇంకొకదానికి తగలకుండా, కొట్టంలో ఒక మూల అరలు కట్టాలి. సెట్ పని ఒకటి ముగిసి వెంకటనర్సయ్య ఖాళీగా ఉన్నారు గనుక క్రాంతికుమార్ ఆయనను పిలిపించారు.

వెంకటనర్సయ్య వెళ్తూ వెళ్తూ గోడలకు పనికొచ్చే ముక్కలు సంచిలో వేసుకెళ్ళారు. అవి కొట్టం అరుగు మీద పరిచి చూపించారు.

"రేకు ఎండకు కాలుతది సార్, అంచు కోసుకుంటది. గీ పీవీసీ బోర్డు మంచిగుంటది. నీళ్ళు కొట్టినా ఉబ్బది, తుడిస్తే పోతది."

క్రాంతికుమార్ ఆ ముక్కను గోటితో తట్టి చూశారు. "ఇది బాత్రూం తలుపయ్యా నర్సయ్యా! మేం దూడల్ని పెంచుతున్నామా, తలంటు పోస్తున్నామా?"

"పేడ, మూత్రం గాడనే గద సార్..."

"చూడు. శారదాదేవి గారికి అచ్చం పల్లెటూరిలా ఉండాలి. మట్టిగోడ, ముగ్గు, పైన తాటాకు. ఇల్లు చూపించే యూట్యూబ్ చానెల్ వాళ్ళు వస్తున్నారు. మొన్న విప్పిన సెట్ ప్లైవుడ్ స్టూడియోలో పడుంది కదా, అది తెప్పించెయ్. మట్టిగోడ నీ చేతికి అలవాటేగా."

శారదాదేవి గారంటే నిర్మాత గారి భార్య. ఆమె పేరు వచ్చాక వెంకటనర్సయ్య ముక్కలన్నీ మళ్ళీ సంచిలో వేసుకున్నారు. సినిమా పనిలో కాదన్న మాట ఒకసారి అనవచ్చు. రెండోసారి అన్నవాడు మరుసటి సినిమాలో ఉండడు.

అరలు అద్భుతంగా వచ్చాయి. రంపపు పొట్టు, జిగురు కలిపి పూసిన ప్లైవుడ్ మీద ఎర్రమట్టి రంగు వేసి, పగుళ్ళు కూడా గీశారు. అడుగున సుద్ద ముగ్గు. దగ్గరికి వెళ్ళి తట్టి చూస్తే తప్ప చెక్క అని తెలియదు. పూర్తయిన రోజున క్రాంతికుమార్ సరదాకు గుమ్మడికాయ తెప్పించి కొట్టించారు. ఆ సాయంత్రం వెంకటనర్సయ్య ఫోనులో ఫొటో తీసుకొచ్చి భార్యకు చూపించారు.

"బయటంత బంగారమున్నది," అంది భూలక్ష్మి. "లోపట ఏమేసినవ్?"

"లోపట ఎవరు సూస్తరే?"

"దూడ సూస్తది."

"గదేమన్న టికెట్ కొని వస్తదా?"

ఇద్దరూ నవ్వుకున్నారు.

లోపల ఆయన ఏమీ వేయలేదు. పుట్టీ లేదు, రంగు లేదు, నీటికి ఆగే పూత లేదు. బయట నిలబడి చూసే వాళ్ళ కోసం కట్టడమే ఆయనకు తెలిసిన వడ్రంగం. ఈ గోడకు మాత్రం అసలు నివాసి లోపలి వైపున ఉంటుంది. ఆ సంగతి ఆయన చేతికి తట్టలేదు. ఈ తప్పు ఆయనదే. దీన్ని దాచవలసిన అవసరం లేదు, ఎందుకంటే ఆయనే దాచలేదు.

వానలు మొదలయ్యాక మొదటి ఆవు ఈనింది. పెయ్యదూడ. కొన్నాళ్ళు గంతులు వేసింది. ప్లైవుడ్ తడిని, మూత్రాన్ని, పేడనీళ్ళను పీల్చుకొని ఉబ్బింది. తలుపు బిగుసుకుపోయిందని వెంకటనర్సయ్యను పిలిచారు. ఆయన వెళ్ళేసరికి దూడ విరేచనాలతో పారుకుంటూ ఒక పక్కకు ఒరిగి ఉంది. పశువుల డాక్టరు స్ఫూర్తి దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చొని సెలైను ఎక్కిస్తోంది. లేచాక ఆమె లోపలి గోడను చేత్తో తడిమి, ఆ చెయ్యి క్రాంతికుమార్‌కు చూపించింది.

"ఈ చెక్క తాగేస్తోందండీ. మీరు ఎంత కడిగినా, ఫినాయిలు కొట్టినా రోగం అందులోనే మిగిలి ఉంటుంది. దీన్ని విప్పి బయట పారేయండి. ఇంకో దూడను మాత్రం ఇందులో పెట్టకండి."

మాట స్పష్టమైనది. విన్నవారు ఇద్దరు: క్రాంతికుమార్, వెంకటనర్సయ్య. ఆ తరవాత ఎవరు ఏం చేశారన్నదే ఈ వ్యవహారంలో తూకం వేయవలసిన విషయం.

దూడ దక్కలేదు. వెంకటనర్సయ్య యూసుఫ్‌గూడలో తెలిసిన దుకాణంలో పీవీసీ బోర్డులు అరువు తీసుకొని, ఆటోకు అడ్డంగా కట్టించుకొని, ఎవరూ పిలవకుండానే జూబ్లీ హిల్స్ వెళ్ళారు. క్రాంతికుమార్ గేటు దగ్గరే ఆపారు.

"ఆదివారం వీడియో ఉందయ్యా. అది అయిపోనీ, విప్పుదాం."

"రెండో ఆవుకు దినాలు దగ్గరవడ్డయి సార్. జర ఇప్పుడే మారుస్త. ఒక్క పూట పని."

"దగ్గరపడ్డాయి గానీ ఈనలేదుగా? ఆవు దగ్గర కూడా కాల్‌షీట్ తీసుకున్నావా ఏంటి?"

వాచ్‌మన్ నవ్వాడు. ఆటో డ్రైవరూ నవ్వాడు. వెంకటనర్సయ్య కూడా, నవ్వాలి గనుక, నవ్వారు. బోర్డులు వెనక్కి వెళ్ళాయి.

ఆవు ఆదివారం కంటే ముందే ఈనింది. దూడను అదే అరలో పెట్టారు, ఎందుకంటే ముగ్గు వేసిన మట్టిగోడ మీదుగా దూడ తల పైకెత్తి చూడడం వీడియోకు కావాలి. వీడియో వచ్చింది. లక్షల మంది చూశారు. అందులో శారదాదేవి గారు దూడ నుదుటికి ముద్దు పెట్టి, "మా ఇంటి లక్ష్మి" అంటారు. ఆ మాట ఆమె మనస్ఫూర్తిగానే అన్నారని నమ్మవచ్చు. డాక్టరు చెప్పిన సంగతి ఆమెకు ఎవరూ చేరవేయలేదు. లక్ష్మి వారం తిరక్కుండానే పారుకొని చనిపోయింది.

రోగం చెక్కలోనే ఉందన్న మాట చెవిన పడి, ఆ రోజు అచ్యుతరామయ్య గారు స్వయంగా కొట్టంలోకి వచ్చారు. పనివాళ్ళందరినీ నిలబెట్టారు. వెంకటనర్సయ్యను ఇంటి నుంచి రప్పించారు.

"ఈ చెక్క పెట్టిందెవరు?"

"నేనే సార్," అన్నారు వెంకటనర్సయ్య. "నేనే పెట్టిన."

"మూగజీవాలయ్యా అవి! చేతులెలా వచ్చాయి నీకు?"

పక్కన క్రాంతికుమార్ ఫోను చూసుకుంటున్నారు.

వెంకటనర్సయ్య బోర్డుల సంగతి ఎందుకు చెప్పలేదో బయటివారికి అర్థం కాకపోవచ్చు. సెట్ మీద ఏది కూలినా, ఏది విరిగినా, పెద్దాయన అరుస్తున్నప్పుడు కింది మనిషి ముందుకొచ్చి "నాదే సార్" అంటాడు. తప్పు ఎవరిదైనా సరే. పెద్దాయన కోపం చల్లారాక మేనేజరు లోపలికి వెళ్ళి సర్ది చెప్పి, ఆ మనిషిని మళ్ళీ పనికి పిలుస్తాడు. ఎక్కడా రాసుకోని ఈ ఒప్పందం మీదనే అక్కడి పని నడుస్తుంది. వెంకటనర్సయ్య తన వంతు నెరవేర్చారు. క్రాంతికుమార్ వంతు కోసం ఇంటికి వెళ్ళి ఎదురుచూశారు.

"ఫోన్ జేస్తడు," అన్నారు భూలక్ష్మితో. "సార్ కోపం దిగనీ."

ఫోను రాలేదు. సినిమా గోడ కూలితే మళ్ళీ కట్టవచ్చు. ఈసారి చనిపోయింది ఆవుదూడ. ఇంట్లో శాంతి చేయించారు. పాపం అన్నాక దాన్ని మోసే మనిషి ఒకడు కావాలి. తన నోటితో తానే ఒప్పుకొన్న మనిషి సిద్ధంగా ఉన్నాడు. ఆయన ఒప్పుకొన్నది చెక్క పెట్టానని మాత్రమే. పెట్టమన్నది ఎవరని, విప్పనివ్వనిది ఎవరని అచ్యుతరామయ్య గారు అడగలేదు. అడగకుండా తీర్పు చెప్పే అధికారం ఏ న్యాయమూర్తికీ లేదు. అచ్యుతరామయ్య గారికి తన పెరట్లో మాత్రం ఉంది.

ఇప్పుడు వెంకటనర్సయ్య రోజూ తెల్లవారుతుండగా కూడలికి వెళ్ళి నిలబడతారు. వ్యాను వస్తుంది, పేర్లు పిలుస్తారు, వ్యాను వెళ్ళిపోతుంది. టీ కొట్టు దగ్గర ఆయనకు కొత్త పేరు పెట్టారు.

"ఏంది దూడల నర్సన్నా, గిట్ల నిలవడ్డవ్? మా ఇంట్ల కోళ్ళగూడు కట్టేదున్నది. నువ్వు మాత్రం రాకు తియ్!"

ఆయన నవ్వుతారు. ఆ నవ్వు ఇంటి దాకా ఉండదు.

భూలక్ష్మి మెస్సు పనితో పాటు జూబ్లీ హిల్స్‌లో ఒక ఇంట గిన్నెలు తోముతోంది. దారిలో నిర్మాత గారి గేటు ముందు నుంచే నడిచి వెళ్ళాలి. ఒక రోజు వాచ్‌మన్‌ను నిలదీసింది: "మా ఆయన బోర్డులు తెచ్చిండా లేదా? నువ్వు సూసినవా లేదా?"

"సూసిన అక్కా," అన్నాడు వాచ్‌మన్. "నా నౌకరీ నాకుండనియ్."

డాక్టరు స్ఫూర్తి తాను చెప్పిన మాట మళ్ళీ చెప్పడానికి సిద్ధంగానే ఉంది. అడిగిన వారే లేరు.

పని లేని మధ్యాహ్నాల్లో వెంకటనర్సయ్య ఇంట్లో ఉన్న చెక్క సామానంతా ఒక్కొక్కటే దించి, వెనక వైపులు గరుకు కాగితంతో రుద్దుతున్నారు. దేవుడి గూటిని గోడ నుంచి ఊడదీసి, గోడకు ఆనే వైపు నునుపు చేసి, రంగు వేసి, మళ్ళీ అదే గోడకు బిగించారు. భూలక్ష్మి చూస్తూ కూర్చుంది. ఎవరు చూస్తారని ఆమె అడగలేదు.

"మొదటి దాని పాపంల నా పాలున్నది," అన్నారాయన, గూటి వైపే చూస్తూ. "రెండోదాని కోసం గేటు దాక పోయిన గదనే."

"పోయినవ్."

"మరి నేనే ఎందుకన్న 'నేనే' అని?"

ఆయనకు తెలిసిన పని సెట్ వడ్రంగం ఒక్కటే, పని ఇచ్చే చోటు ఫిల్మ్ నగర్ ఒక్కటే. ఆ చోటులో ఆయన పేరు వినగానే జనం దూడలను తలుచుకుంటారు. ఇంకొన్నాళ్ళకు ఆయన కూడలికి వెళ్ళడం మానేస్తారు. అప్పుడు ఈ అన్యాయం చూసేందుకు కూడా మిగలదు.

ఆ మట్టిగోడ మాత్రం ఇంకా అలాగే ఉంది. వీడియో చూసిన అతిథులు దాని ముందు ఫొటోలు దిగుతున్నారు గనుక దాన్ని విప్పలేదు. కొట్టంలో మూడో ఆవు ఇప్పుడు నిండు చూడితో ఉంది.

అచ్యుతరామయ్య గారూ, మీరు ఒక ప్రశ్న అడిగి ఆపేశారు. మిగిలిన రెండూ అడగండి: ఆ చెక్కే వేయమన్నది ఎవరు, విప్పుతానని వచ్చిన మనిషిని గేటు దగ్గర ఆపింది ఎవరు. మీ పక్కన నిలబడ్డ మనిషినే అడగండి. క్రాంతికుమార్ గారూ, ఏ మేస్త్రీలకు ఫోన్లు చేశారో వాళ్ళకే మళ్ళీ చేయండి. పీవీసీ బోర్డు వేద్దామని ఆయన చెప్పారని, మొదటి దూడ పోయాక ఆయన వాటిని మోసుకొచ్చారని, మీరు వెనక్కి పంపారని చెప్పండి. ఆయన మీ కోసం "నేనే" అన్నారు. మీరు ఆయన కోసం ఆ మాట అనవలసి ఉంది. మేస్త్రీలారా, విచారించకుండా వేసిన వెలి ఎత్తివేయండి. రేపు ఉదయం వ్యానులో ఆయన పేరు పిలవండి.

మూడో ఆవు ఈనకముందే ఆ చెక్కలు విప్పించండి. విప్పడానికి వెంకటనర్సయ్యనే పిలవండి. ఆ రోజు ఎవరెవరిని వరుసగా నిలబెట్టారో, వాళ్ళందరి ముందే పిలవండి.