ఇంజను చల్లారేదాకా

పోయిన వారం భవానీపురంలో సిగ్నలు దగ్గర ఆగి ఉన్నాను. పక్క వరసలో ఓ పెద్ద బండి బానెట్ సందుల్లోంచి తెల్లగా ఆవిరి ఎగజిమ్ముతోంది. కాలిన రబ్బరు, తుప్పు నీళ్లు, వాటి కింద ఎక్కడో ఉడికిన పసుపు వాసన. ఆ వాసన తగలగానే నాకు అరికాళ్లు దురదపెట్టాయి. బండాయన దిగి, బానెట్ ఎత్తి, భుజమ్మీది తువ్వాలు చేతికి చుట్టుకుని రేడియేటర్ మూత తిప్పబోతున్నాడు. నేను స్కూటీని పడితే పడనీ అని వదిలేసి, "ముట్టుకోకండి! మొహం కాలిపోతుంది!" అని అరిచాను. ఆయన ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకుని, "మరేం చెయ్యమంటారండీ?" అన్నాడు చిరాగ్గా. "ఏమీ చెయ్యొద్దు. ఊరికే నిలబడండి" అన్నాను. అన్నాక నాకే నవ్వొచ్చింది. ఊరికే నిలబడమని ఇంకొకరికి చెప్పే మొహమేనా నాది! ఆ మాట నాది కాదు, సాంబయ్య మేస్త్రి గారిది.

సాంబయ్య గారు బెజవాడ ఆటోనగర్‌లో కార్ల మేస్త్రి. ఆయన పోయి రెండేళ్లయింది. ఆటోమొబైల్ డిప్లొమా చేసి, మూడేళ్లలో అయిదు ఉద్యోగాలు మానేసి, కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్న నన్ను ఇరవై ఆరో ఏట ఆయన తన షెడ్డులో పెట్టుకున్నారు. "అన్ని చోట్లా ఎందుకు మానేశావమ్మా?" అని అడిగారు మొదటిరోజు. అబద్ధం చెప్పే ఓపిక లేక, "విసుగొచ్చిందండీ" అన్నాను. "మంచిది. నాకూ వస్తుంది" అన్నారు. ఆయన గురించి తెలియనివాళ్లకు చెబితే, నెరిసిన జుట్టు, నిదానం, చెట్టుకింద స్వామీజీ లాంటి మనిషిని ఊహించుకుంటారు. అబ్బే, అదేం కాదు. టీ గ్లాసు సగంలో వదిలేసి లేచేవారు. ఫోను మాట్లాడుతూ గేటు దాకా నాలుగుసార్లు తిరిగేవారు. అన్నం కూడా నిలబడే తినేవారు. నాకంటే ముప్పై ఏళ్లు పెద్ద, నాకంటే రెండింతలు తొందర. అందుకే ఆయన మాట నేను విన్నాను. నిదానస్తులు చెప్పే నీతులు నాకు ఎప్పుడూ ఎక్కలేదు.

ఆయనకొక పద్ధతి ఉండేది. ఇంజను పైభాగం, అదే హెడ్డు, విప్పి దించాల్సిన రోజు తన టూల్ బాక్సుకు తాళం వేసి, ఆ తాళంచెవి బండి యజమాని చేతిలో పెట్టేవారు. "ఇంజను మీద మీ అరచెయ్యి వేసి చూడండి. చల్లగా ఉందని మీకు నమ్మకం కలిగాక ఇవ్వండి. నేను అడిగినా ఈలోపు ఇవ్వొద్దు" అనేవారు. కొత్తవాళ్లు బిత్తరపోయేవారు. అరగంట తిరక్కుండానే ఈయనే వెళ్లి, "ఏవండీ, చల్లారినట్టే ఉంది కదా?" అని బతిమాలుకునేవారు. వాళ్లు లేదనేవారు. నేను ఒకసారి పడీపడీ నవ్వి, మీకిదేం పిచ్చి అని అడిగాను. "ఇరవై రెండేళ్లప్పుడు వేడి మీదే హెడ్డు బోల్టులు విప్పానమ్మా. అల్యూమినియం కదా, వంకర తిరిగిపోయింది. నాకు ఓపిక లేదు. లేదని నాకు తెలుసు. అందుకే తాళం" అన్నారు. అంతే, వెనక్కి తిరిగి గేటు వైపు నడిచిపోయారు.

ఇక నా ఘనకార్యం. నేను చేరిన రెండో ఏడాది ఓ శనివారం, ఉయ్యూరు నుంచి ప్రసాద్ గారని ఒక చెరకు రైతు తన ఎస్‌యూవీ తెచ్చారు. నీళ్లు ఊరికే తగ్గిపోతున్నాయి, వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాకా పోతోంది అన్నారు. మేస్త్రి గారు ఆరోజు కూచిపూడిలో చుట్టాల పెళ్లికి వెళ్లారు. వెళుతూ, "వేడెక్కే బండి ఏదన్నా వస్తే నేనొచ్చేదాకా ఆపు" అని మరీ చెప్పారు. నేను ఆపుతానా? బండి కాస్త చల్లబడగానే మూత తీసి చూస్తే లోపల పచ్చగా ముద్దలు ముద్దలుగా ఉంది. పసుపు! రేడియేటర్ కారుతుంటే గుప్పెడు పసుపు వేస్తే సందులు పూడుకుంటాయని మన వైపు డ్రైవర్లందరికీ ఓ నమ్మకం. నాకు ప్రాణం లేచొచ్చింది. "పసుపు వేసి రేడియేటర్ మూసేశారండీ, అందుకే వేడెక్కుతోంది" అని ఆయన మొహం మీదే తేల్చేసి, రేడియేటర్ విప్పి, కడిగి, కొత్త హోసు పైపులు వేసి, సాయంత్రానికి బండి ఇచ్చేశాను. ఆ బండిలో ఎవరు ఎక్కుతారో, ఎక్కడికి వెళ్లాలో అడగలేదు. ఆయన ఏదో చెప్పబోతే, "అన్నీ చూశానండీ, ధైర్యంగా తిప్పుకోండి" అన్నాను. అసలు నీళ్లు ఎందుకు తగ్గి ఆయన పసుపు వేయాల్సి వచ్చిందన్న ప్రశ్న నా బుర్రకు తట్టనే లేదు.

సోమవారం ఆ బండి తాడు కట్టించుకుని వచ్చింది. ప్రసాద్ గారి భార్య వసుంధర గారికి కిడ్నీలు పాడయ్యాయి. సోమ, బుధ, శుక్రవారాలు బెజవాడలో డయాలసిస్. ఆ పొద్దున కంకిపాడు దాటగానే ఇంజను ఆవిరి కక్కి ఆగిపోయింది. ఆవిడను రోడ్డు పక్క కొట్టు బల్ల మీద కూర్చోబెట్టి, ఆటో దొరికేసరికి గంటన్నర. ఆసుపత్రిలో మిషను దగ్గర తరవాతి మనిషి వంతు ఉంది కాబట్టి, నాలుగు గంటలు జరగాల్సింది రెండున్నర గంటలకే దింపేశారు. ఇదంతా ప్రసాద్ గారు షెడ్డు మధ్యలో నిలబడి చెప్పారు. ఆయన అరవలేదు. నన్ను చూపించి, "ఈ అమ్మాయి ధైర్యంగా తిప్పుకోమందండీ. ఆవిడకి ఏమన్నా అయితే?" అన్నారు. నా కాళ్లు ఎటో పారిపోదామన్నాయి. మేస్త్రి గారు నన్ను వెనకేసుకు రాలేదు, తిట్టనూ లేదు. "తప్పు మా షెడ్డుదండీ. బండి బాగయ్యేదాకా మీ ఆవిడను ఆసుపత్రికి తీసుకెళ్లే పూచీ మాది" అని, నా వైపు చూసి, "నువ్వే తోలాలి. నా కారు తీసుకెళ్లు" అన్నారు.

మర్నాడు పొద్దున్నే, ఇంజను రాత్రంతా చల్లారి ఉండగా, మేస్త్రి గారు రేడియేటర్ మూత తీసి, నీళ్లు నిండుగా పోసి, బండి స్టార్ట్ చెయ్యమన్నారు. రెండు నిమిషాలు కాకముందే నీళ్లలో బుడగలు మొదలయ్యాయి, అన్నం ఎసరు మరిగినట్టు. నీళ్లింకా చల్లగానే ఉన్నాయి, మరి బుడగలెక్కడివి? మూత పెట్టించి, పైహోసు పట్టుకుని చూడమన్నారు. రాయిలా బిగుసుకుంది. ఆయిలు పోసే మూత విప్పి తిరగేస్తే అడుగున మీగడ లాంటి తెల్లటి జిడ్డు. "ఏమర్థమైంది?" అన్నారు. "సిలిండర్లో మంట తాలూకు గాలి నీళ్లలోకి వస్తోందండీ. హెడ్డుకీ కింద బ్లాకుకీ మధ్య పరిచే రేకు, గ్యాస్కెట్, కాలిపోయింది" అన్నాను. "శనివారం పది నిమిషాలు ఆగి ఉంటే?" అన్నారు. చెప్పడానికేముంది, నా మొహం!

ఈ పరీక్షలతో ఇంజను వేడెక్కింది కాబట్టి తాళంచెవి ప్రసాద్ గారి చేతికి వెళ్లింది. కోపంతో ఉన్న మనిషి, తీసుకోరేమో అనుకున్నాను. తీసుకుని చొక్కా జేబులో వేసుకుని, స్టూలు మీద కూర్చుని, ఉండుండి లేచి ఇంజను మీద అరచెయ్యి వేసి చూడటం మొదలుపెట్టారు. మేస్త్రి గారు గేటు దాకా, నేను లేత్ షాపు దాకా, ఎవరి తిరుగుడు వాళ్లది. మూడోసారి లేచినప్పుడు ప్రసాద్ గారు ఎవరూ అడక్కుండానే, "నాలుగు నెలల్నుంచీ తగ్గుతున్నాయండీ నీళ్లు. బండి ఇక్కడ పెడితే ఆవిడని ఎలా తీసుకెళ్లాలని భయం. బోరు నీళ్లు పోస్తా, పసుపు వేస్తా నెట్టుకొచ్చాను" అన్నారు. శనివారం ఆయన నాకు చెప్పబోయింది ఇదే. వినడానికి నేను రెండు నిమిషాలు నిలబడలేదు. మధ్యాహ్నం దాటాక ఆయనే తాళంచెవి మేస్త్రి గారి చేతిలో పెట్టి, "చల్లారిందండీ" అన్నారు.

హెడ్డు దించాం. రెండో సిలిండరుకీ మూడోదానికీ మధ్య గ్యాస్కెట్ మీద నీళ్లదారి దాకా నల్లటి కాలిన గీత, అగ్గిపుల్లంత. ఇంత చిన్న గీతా ఒక మనిషిని రోడ్డు మీద కూర్చోబెట్టింది అనుకున్నాను. కాదు, కూర్చోబెట్టింది నేను. హెడ్డు మీద ఉక్కు స్కేలు నిలబెట్టి, దాని కింద కాగితమంత పల్చటి రేకు దూర్చి చూస్తే, సులువుగా దూరిపోయింది. అంటే వంగింది. లేత్ షాపుకి పంపి చదును చేయించాం. చీలికలు లేవని అక్కడే పరీక్ష చేయించాం. గ్యాస్కెట్ కూర్చునే చోటు గోరు తగిలినా గరుకు తెలియకుండా తుడవమన్నారు. తుడిచాను. మళ్లీ అన్నారు. మళ్లీ తుడిచాను. బిగువు కొలిచే పానా నా చేతికే ఇచ్చి, నడిమి బోల్టు నుంచి మొదలుపెట్టి అటొకటి ఇటొకటిగా చివరల దాకా మూడు విడతల్లో బిగించమన్నారు. రెండో విడతలో, "శుక్రవారం ఆవిడ్ని ఈ బండిలోనే తీసుకెళ్లొచ్చు కదండీ, త్వరగా కానిద్దాం" అన్నాను. "శుక్రవారం నా కారులో తీసుకెళ్తావు" అన్నారు. ఆయన మటుకు ఆ మాట అంటూ బల్ల మీద వేళ్లతో దరువేస్తూనే ఉన్నారు.

బుధవారం, శుక్రవారం తెల్లవారుతూనే ఉయ్యూరు వెళ్లి వసుంధర గారిని ఎక్కించుకున్నాను. తప్పయిందండీ అన్నాను మొదటిరోజే. ఆవిడ, "ఊఁ" అన్నారు. ఫర్వాలేదు అంటారేమోనని పెనమలూరు దాకా ఎదురుచూశాను. అనలేదు. ఆయాసంతో కిటికీకి ఆనుకుని కళ్లు మూసుకున్నారు. నాకా, మాట్లాడకుండా పది నిమిషాలు గడిస్తే ఒళ్లంతా తేళ్లు పాకుతాయి. రేడియో పెట్టాను, తీసేశాను. ఏసీ పెంచాను, తగ్గించాను. చివరికి ఆవిడే కళ్లు తెరవకుండా, "రోడ్డు చూడమ్మా" అన్నారు. షెడ్డుకొచ్చాక మేస్త్రి గారు, "ఆవిడెలా ఉన్నారు?" అని అడిగారు. "కారు బాగానే వెళ్లిందండీ" అన్నాను. "నేనడిగింది కారు సంగతి కాదు" అన్నారు.

శనివారం ఎస్‌యూవీని గన్నవరం దాకా తోలి, తిరిగొచ్చి, పూర్తిగా చల్లారాక నీళ్లు చూసి, మళ్లీ తోలి, ప్రసాద్ గారికి అప్పగించాం. సోమవారం మొదటి ప్రయాణంలో నన్ను కూడా వెళ్లమన్నారు మేస్త్రి గారు. వెనక సీట్లో కూర్చుని ముందు సీట్ల సందులోంచి ముల్లునే చూస్తూ కూర్చున్నాను. ముల్లు కదల్లేదు. ఆసుపత్రి దగ్గర దిగాక వసుంధర గారు, "ఎల్లుండి కూడా వస్తావా?" అన్నారు. ఏం చెప్పను? వెళ్లాను. ఆ తరవాత శుక్రవారం కూడా. వారానికి మూడు పొద్దులు మొదటి బస్సుకి ఉయ్యూరు వెళ్లడం, వాళ్లతో వచ్చి ఆసుపత్రి దగ్గర దిగి ఆటోనగర్ వెళ్లడం. తిరుగు ప్రయాణానికి రానక్కర్లేదని వాళ్లే అనేవారు. చికిత్స అయిపోయాక ఆలస్యమైతే ఏమవుతుందిలే అని. మూడో వారానికి నాకు విసుగు తలకెక్కింది. "బండి బంగారంలా ఉంది కదండీ, ఇంకా ఎన్నాళ్లు?" అని మేస్త్రి గారి మీద ఎగిరాను. "నాకేం తెలుసు? ఆవిడని అడుగు" అన్నారు. అడిగే మొహం నాకు లేదని ఆయనకు బాగా తెలుసు.

నాలుగో వారం దాటిన సోమవారం. నేను వెళ్లేసరికి వసుంధర గారు అప్పటికే ముందు సీట్లో ఉన్నారు. వెనక తలుపు మీద చెయ్యి వేశాను. ఆవిడ అద్దం దించి, "ఇవాళ నువ్వు రావద్దులేమ్మా. మేం వెళ్లొస్తాం" అన్నారు. కోపమేమీ లేదు ఆ గొంతులో. "అది కాదండీ, ఒక్కసారి నీళ్లు చూసి..." అన్నాను. "చూసుకున్నాం" అన్నారు. బండి మలుపు తిరిగి వెళ్లిపోయింది. ఎప్పుడు వదులుతారా అని నెలంతా సణిగినదాన్ని, ఉయ్యూరు రోడ్డు మీద చేతులు వేలాడేసుకుని నిలబడ్డాను. ఏడుపొచ్చింది. ఎందుకో చెప్పమంటే ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. మేస్త్రి గారికి ఫోన్ చేసి, "నన్ను ఎక్కించుకోలేదండీ" అన్నాను.

"నీళ్లేమన్నా తగ్గాయా?" అన్నారు కంగారుగా.

"లేదండీ. నేను అక్కర్లేదని వాళ్లిద్దరే వెళ్లిపోయారు."

కాసేపు ఆయన అడుగుల చప్పుడు వినపడింది. గేటు దాకా వెళ్లి వెనక్కి తిరిగారనుకుంటాను. "అయితే ఆ బండి రిపేరు ఇవాళ్టికి అయింది. బస్సెక్కి వచ్చెయ్" అన్నారు.

ఇప్పుడు భవానీపురంలో నాకు సొంత షెడ్డుంది. నిదానం నాకు ఈ జన్మకు రాదు, ఆ ఆశ వదిలేసుకున్నాను. బండి బాగుచేసి పంపాక మొదలవుతుంది నా అసలు అలజడి. ఇంటికి చేరారా, ఎక్కడన్నా ఆగారా అని ఫోను చూసుకుంటూ షెడ్డంతా తిరుగుతాను. మొదటి వారం నేనే ఫోన్ చేస్తాను. రెండో వారం కూడా చేస్తాను. కొందరు విసుక్కుంటారు. ఎప్పుడో ఒకరోజు ఆ యజమాని, "ఎవరండీ మాట్లాడేది? ఏ షెడ్డు?" అంటాడు. నన్ను మరిచిపోయాడన్నమాట, ఆ బండి రిపేరు అయిందన్నమాట. అప్పుడు పెడతాను ఫోను.