యుగేందర్ చెప్పిన తప్పుడు పాఠం

కేసముద్రంలో యుగేందర్ పేరెత్తితే కబడ్డీ గుర్తుకొచ్చేది. వయసులో ఉన్నప్పుడు అతను కూతకు వెళ్తే అవతలి జట్టు రెండడుగులు వెనక్కి జరిగేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇప్పుడు మార్కెట్ యార్డు నుంచి మక్కజొన్నలు, పత్తి తోలే లారీలు నడిపించుకుంటున్నాడు. పొట్ట కాస్త వచ్చింది గానీ భుజాలు చెక్కు చెదరలేదు. ఆ భుజాల మీద అతనికి మహా నమ్మకం.

పోయిన చలికాలం, బడిలో ఆటలు నేర్పే శ్యాం సార్ హైదరాబాద్‌లో ఏదో శిక్షణకు వెళ్లి సంచి నిండా ప్లాస్టిక్ డిస్కులతో తిరిగొచ్చాడు. ఒక్కోటి చిన్న పళ్లెమంత ఉంటుంది. వెల్డింగ్ షాపులో ఇనుప బుట్టలు చేయించి, పైన గొలుసులు వేలాడదీసి, మైదానంలో అక్కడక్కడా పాతించాడు. దూరం నుంచి డిస్కు విసురుకుంటూ వెళ్లి బుట్టలో వేయాలి. తక్కువ విసురుల్లో వేసినవాళ్లు గెలిచినట్టు. డిస్కు గోల్ఫ్ అంటారట. పొద్దున నడకకు వచ్చేవాళ్లంతా దానికి మరిగారు.

యుగేందర్ మొదటిరోజే చొక్కా చేతులు మడిచి, పళ్లు బిగించి విసిరాడు. డిస్కు ముక్కు పైకెత్తి లేచి, గాలిలో ఒక క్షణం తడబడి, ఎడమకు ఒరిగి దగ్గర్లోనే పడింది. మళ్లీ విసిరాడు, ఇంకా గట్టిగా. అది ఇంకా దగ్గర పడింది.

అతని భార్య గీతాంజలి నడక కోసమే వచ్చింది. "నేను గూడ ఒక్కటి ఇసురుత సార్" అంది. శ్యాం సార్ చెప్పినట్టు డిస్కును ఛాతీకి సమంగా వెనక్కి తీసుకెళ్లి, నడుము తిప్పి, చివర్లో తడి తువ్వాల జాడించినట్టు మణికట్టు విదిలించింది. డిస్కు ఎత్తు పెరగకుండా, చప్పుడు లేకుండా సాగిపోయి మైదానం అవతలి అంచున వాలింది.

అందరూ చప్పట్లు కొట్టారు. యుగేందర్ కూడా కొట్టాడు.

"అన్నా, గిప్పటి సంది వదినె దగ్గర్నే నేర్సుకో" అన్నాడు ఆటో నడిపే భోజ్యా. యుగేందర్ నవ్వాడు. ఇంటికెళ్లాక మాత్రం ఉప్మాలో ఉప్పు లేదని పళ్లెం పక్కకు నెట్టాడు. ఉప్పు సరిగ్గానే ఉంది.

ఆమెకు చెమటైనా పట్టకపోవడం అతన్ని ఎక్కువ బాధించింది. హోటల్ దగ్గర ఇదివరకు కబడ్డీ ముచ్చట్లు అడిగేవాళ్లు ఇప్పుడు "అక్క మస్తు ఇసురుతదంట గదా?" అని అడుగుతున్నారు. పత్తి ఏరేసిన తన చేనులో ఒక్కడే నిలబడి సాధన చేశాడు. భుజం వాచింది. ఆమె చూడకుండా మందు రాసుకున్నాడు.

ఇంతలో మహబూబాబాద్‌లో కొత్తవాళ్లకు పోటీ పెట్టారు. జనగామ, భూపాలపల్లి నుంచి కూడా వస్తారన్నారు. ఆ సాయంత్రం గీతాంజలే అతన్ని అడిగింది.

"ఏమయ్య, నువ్వు ఆటలాడినోనివి. నాకింక దూరం పోవాల్నంటే ఏం జెయ్యాలె?"

ఆమె అడగకపోతే అతను ఆ పని చేసేవాడు కాదేమో. "నువ్వు భుజం అస్సలు వాడుతలేవు" అన్నాడు. "గట్టిగ పట్టుకో. ఉరికొచ్చి, బలమంతా పెట్టి ఇసురు. నడుము గిడుము ఏం లేదు."

అది తప్పని అతనికి తెలుసు. బలం పెడితే డిస్కు దారి తప్పుతుందని శ్యాం సార్ తనతో రోజూ మొత్తుకుంటున్నాడు.

మర్నాటి నుంచి గీతాంజలి డిస్కు కూడా పైకి లేచి ఎడమకు ఒరగసాగింది. అలా పడినప్పుడల్లా అతనికి ఎండలో అంబలి తాగినంత చల్లగా ఉండేది. ఇంటికొచ్చేసరికి ఆ చల్లదనం పోయి ఏదో తోచనితనం మిగిలేది. అయినా మళ్లీ పొద్దున "ఇంక గట్టిగ" అనేవాడు.

చివరికి శ్యాం సార్ ఆమెను ఆపాడు. "ఏమైందమ్మా? గిట్ల ఇసురుమని ఎవరు జెప్పిన్రు?"

గీతాంజలి భర్త వైపు ఒక్కసారి చూసింది. "ఎవరు జెప్పలే సార్. నాకే గట్లనిపిచ్చింది."

ఇంటికి వెళ్తుంటే రైల్వే గేటు పడింది. బండి ఆపి, వెనక్కి తిరగకుండానే అడిగాడు యుగేందర్. "నేను జెప్పింది తప్పని నీకు ఎప్పుడు తెల్సింది?"

"జెప్పిననాడే. నువ్వు ఇసిరితే అట్లనేగదా పడేది."

"మరెందుకు ఇన్నవ్?"

గూడ్సు బండి వచ్చింది. అది దాటాక ఆమె అంది.

"పెండ్లైనకాడికెళ్లి నీ కబడ్డీ ముచ్చట ఇంటున్న. ఒక్కనాడన్న యాష్టకొచ్చి ఇసుక్కున్ననా? నాకు ఒక్కటి మంచిగొస్తే ఓర్వకపోతివి. ఎన్నిదినాలు ఓర్వవో సూద్దామనుకున్న."

గేటు లేచింది. వెనుక ట్రాక్టరువాడు హారన్ కొడుతున్నాడు. యుగేందర్ బండి కదిలించాడు.

మహబూబాబాద్‌లో గీతాంజలి తన పద్ధతిలోనే విసిరింది. భూపాలపల్లి నుంచి వచ్చిన ఒకామె మొదట నిలిచింది, గీతాంజలి రెండోది. యుగేందర్ కూడా ఆడి చివరివాళ్లలో తేలాడు. ఆమె డిస్కు గొలుసులకు తగిలి గలగలమని బుట్టలో పడ్డప్పుడు అతనూ గట్టిగానే అరిచాడు.

పతకం మెడలో వేసుకుని ఆమె అతని దగ్గరకొచ్చి నిలబడింది.

"కడుపుల మంట తగ్గిందా?"

"లే" అన్నాడు. "ఇంక ఉన్నది."

ఎన్నో రోజుల తర్వాత ఆమె నవ్వింది. "గిదొక్కటన్న నిజం జెప్పినవ్."

ఇప్పుడు ఆదివారాలు ఇద్దరూ చేనుకు పోతున్నారు. ఆమె అతని వెనుక నిలబడి "మెల్లగ... ఉరుకకు... చెయ్యి వదులు చెయ్యి" అంటుంది. అతనికి కోపం వస్తుంది, అయినా వింటాడు. ఈ మధ్య అతని డిస్కు ఒరగకుండా తిన్నగా పోతోంది, మునుపటికి రెండింతల దూరం. ఏరుకోవడానికి ఇద్దరూ కలిసి నడుస్తారు. ముందు అతనిది దొరుకుతుంది. ఆమెది ఇంకా చాలా అవతల, కంది చేను గట్టు మీద కనబడుతుంది. దాన్ని చూడగానే యుగేందర్ మొహం ఇప్పటికీ కాస్త ముడుచుకుంటుంది.